మారుమూలల మహాగాథలు – 9: కిటే ఊరి రెండో ఆల్బమ్

1998 డిసెంబర్ 7న ఫిన్లాండ్‌లో ‘ఓషన్‌బార్న్’ అనే ఆల్బమ్ విడుదలైంది. నైట్‌విష్ బృందానికి అది రెండోది. పాటలు కట్టి కీబోర్డు వాయించే తువోమస్ హోలోపైనెన్‌కు అప్పటికి 22 ఏళ్లు నిండలేదు. గాయని తార్యా తురునెన్‌కు 21. గిటార్ వాయించిన ఎంప్పు వువోరినెన్‌కూ, డ్రమ్ములు వాయించిన యుక్కా నెవలైనెన్‌కూ ఇరవయ్యేసి. బృందం పుట్టిన కిటే ఫిన్లాండ్ తూర్పు అంచున, రష్యా సరిహద్దుకు ఆనుకొని, అడవుల మధ్య, చెరువుల మధ్య ఉన్న చిన్న ఊరు. మన లెక్కలో ఒక మండల కేంద్రమంత. అక్కడి నుంచి వచ్చిన ఈ ఆల్బమ్ దేశపు అమ్మకాల పట్టికలో 5వ స్థానానికి ఎక్కింది. దానికి కొద్దిరోజుల ముందు వచ్చిన ‘శాక్రమెంట్ ఆఫ్ వైల్డర్‌నెస్’ అనే సింగిల్ ఏకంగా మొదటి స్థానంలో కూర్చుంది. రాజధానికి దూరంగా, పెద్ద స్టూడియోలూ సినిమా పరిశ్రమా లేని ఊళ్లో ఇంత పెద్ద సంగీతం ఎలా పుట్టిందన్న ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ వినిపిస్తుంటాయి. ఆ అడవులూ, ఆ దీర్ఘమైన చలికాలపు చీకటీ మనుషుల్ని అలా చేస్తాయన్నది ఒకటి. అదంతా ఒకరిద్దరి ప్రతిభ అన్నది ఇంకొకటి. రెండూ చాలవని నా అభిప్రాయం. ‘ఓషన్‌బార్న్’ను సాధ్యం చేసింది ఊరి సొమ్ముతో, సర్కారు సొమ్ముతో నడిచిన సంగీత చదువు. కరీంనగర్, ఆదిలాబాద్ సీమల్లో కూర్చొని ఈ సంగతి ఎందుకు తరచి చూడాలో ఈ భాగంలో చెబుతాను.

ముందు ఈ సంగీతం ఎలాంటిదో రెండు మాటలు. విద్యుత్ గిటార్లను గరుకుగా, బరువుగా మోగించే మెటల్‌లో ఒక శాఖ పవర్ మెటల్. అందులో లయ వేగంగా పరుగెడుతుంది, గొంతు పైస్థాయిలో ఉంటుంది, పాటల్లో వీరులూ, యుద్ధాలూ, అద్భుత లోకాలూ ఉంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన హెలోవీన్ బృందం 1987, 88లలో రెండు భాగాలుగా తెచ్చిన ‘కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్’ దీనికి బాట వేసింది. దానికి పాశ్చాత్య శాస్త్రీయ వాద్యాలూ, బృందగానమూ, ఓపెరా గొంతూ తోడైతే సింఫనిక్ పవర్ మెటల్. ఇది ఒక్క కంఠం, ఒక్క వాద్యంతో నిలిచే సంగీతం కాదు. పెద్ద కథకు పెద్ద చప్పుడు కావాలన్న నమ్మకం మీద నిలిచినది. ఆ నమ్మకం మనకు కొత్త కాదు. బీరప్ప కథో, మల్లన్న కథో ఒగ్గు పూజారులు ఎత్తుకున్నప్పుడు డోళ్లూ తాళాలూ ఒక్కసారి లేచి కథకుడి గొంతును పైకి నెడతాయి. కథకుడు ఒక క్షణం దేవుడై, మరుక్షణం దేవుడి తల్లై పలుకుతాడు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. గాథ పెద్దదైతే దాన్ని మోయడానికి ఎంతమంది చేతులు, ఎంత సాధన కావాలో తెలిసిన ప్రాంతం మనది, అంతే.

ఇక మొదటి ఆల్బమ్‌నూ రెండోదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి, అసలు సాక్ష్యం అక్కడే ఉంది. 1996 జులైలో ఊరి చెరువు దీవిలో నెగడు చుట్టూ కూర్చొని వాయించుకునే పాటల బృందంగా నైట్‌విష్ మొదలైంది. విద్యుత్ గిటార్ కూడా లేని, మెల్లని సంగీతం అది. 1997 నవంబర్‌లో వచ్చిన ‘ఏంజెల్స్ ఫాల్ ఫస్ట్’ నిజానికి నమూనాగా రికార్డు చేసిన పాటలకు మరికొన్ని కలిపి ఆల్బమ్‌గా చేసినది. అందులో కొన్ని పాటల్లో హోలోపైనెన్ స్వయంగా గొంతు కలిపాడు. బేస్ వాయించేవాడు లేక గిటారిస్టే ఆ పనీ చేశాడు. ఏడాది తిరిగేసరికి అంతా మారిపోయింది. హోలోపైనెన్ పాడటం మానుకున్నాడు. సామి వాన్‌స్కా బేస్ పట్టాడు. మొదటి పాట ‘స్టార్‌గేజర్స్’లోనే డ్రమ్ములు రెండు కాళ్లతో పరుగెత్తి వస్తాయి. ‘డెవిల్ అండ్ ది డీప్ డార్క్ ఓషన్’లో తార్యా గొంతుకు ఎదురుగా తాపియో విల్స్కా అనే గాయకుడి బొంగురు గర్జన నిలబడి సంవాదం నడుపుతుంది. ‘ప్యాషన్ అండ్ ది ఓపెరా’ చివరన గాయని మాటలన్నీ వదిలేసి, ఒక్కో స్వరాన్ని విడివిడిగా, ముత్యం వెనక ముత్యంలా, పైస్థాయిలో చకచకా పలుకుతుంది. వెనక గిటార్లు ఆగవు. అలా పాడాలంటే గొంతు బాగుంటే చాలదు. ఊపిరిని ఎక్కడ దాచాలో, ఎక్కడ వదలాలో ఏళ్ల తరబడి ఎవరో దగ్గర కూర్చొని నేర్పి ఉండాలి.

ఈ మార్పు ఒక్క ఏడాదిలో ఎలా వచ్చింది? కచేరీలు చేసి చేసి చేయి తిరిగిందనుకోవడానికి వీల్లేదు. మొదటి ఆల్బమ్ తరువాతి చలికాలంలో గిటారిస్టూ డ్రమ్మరూ నిర్బంధ సైనిక శిక్షణలో ఉన్నారు, గాయని చదువులో ఉంది. వాళ్లు వేదికెక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కచేరీలే. కొత్త ప్రభావాలు లేకపోలేదు. స్ట్రాటోవేరియస్ అనే ఫిన్లాండ్ బృందం 1997లో తెచ్చిన ‘విజన్స్’ తన మీద గట్టిగా పనిచేసిందని హోలోపైనెన్ చెప్పుకున్నాడు. ఈసారి మొదటి నుంచీ ఆల్బమ్ అనుకొనే పనిలో దిగారు, స్టూడియో సమయమూ మెరుగ్గా దొరికింది. ఇవన్నీ ఒప్పుకోవాలి. కానీ ‘విజన్స్’ను ఐరోపా అంతటా, జపాన్‌లోనూ వేలమంది కుర్రాళ్లు విన్నారు. విన్నదాన్ని ఒక్క ఏడాదిలో తన సొంత రూపంగా తిప్పి చూపించాలంటే దాన్ని అందుకునే చేతులు ముందే సిద్ధంగా ఉండాలి. కిటేలో ఆ చేతులు సిద్ధంగా ఉన్నాయి. మొదటి ఆల్బమ్‌లో వాటిని పూర్తిగా వాడుకోలేదు, రెండోదాంట్లో వాడుకున్నారు.

ఆ చేతుల్ని సిద్ధం చేసిందెవరో ఆల్బమ్ అట్ట మీదే ఉంది. ‘ఓషన్‌బార్న్’లో వినిపించే తంత్రీ వాద్యాలు నాలుగు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో. మొదటి వయొలిన్ పక్కన ఉన్న పేరు ప్లామెన్ దిమోవ్. ఆయన కిటేలో సంగీతం పంతులు. తార్యా, హోలోపైనెన్, వువోరినెన్ ముగ్గురూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. శిష్యులు ఇరవై ఏళ్లకే దేశాన్ని కుదిపే మెటల్ ఆల్బమ్ చేస్తుంటే గురువు వచ్చి వాళ్ల వెనక కూర్చొని వయొలిన్ వాయించాడు. ఈ ఒక్క వివరం నాకు ఎన్నో సిద్ధాంతాల కంటే విలువైనది. హోలోపైనెన్ తల్లి సంగీతం టీచర్. అతను పియానోతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి క్లారినెట్ నేర్చాడు. తార్యా కిటే శివారులోని పుహోస్ అనే పల్లెలో వడ్రంగి కూతురు, ఆరేళ్లకు పియానో ముందు కూర్చుంది. తరువాత సావొన్‌లిన్నాలోని కళల హైస్కూలుకు, అక్కడి నుంచి కుయోపియోలో ఉన్న సిబెలియస్ అకాడమీ శాఖకు వెళ్లింది. పల్లెలోని వడ్రంగి ఇంటి పిల్ల ఓపెరా గొంతు సంపాదించే దాకా ఆ దారిలో ఏ మెట్టూ విరిగిపోలేదు. 1960ల చివర ఫిన్లాండ్ చేసిన చట్టం దీనికి ఆధారం. సంగీత పాఠశాలల ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రభుత్వమూ స్థానిక పురపాలికలూ మోయాలని ఆ చట్టం నిర్ణయించింది. దాంతో హెల్సింకీలోనే కాక సరిహద్దు ఊళ్లలోనూ ఈ బడులు వెలిశాయి. పిల్లలు కొంత ఫీజు కడతారు, మిగతాది ప్రజల సొమ్ము.

ఫిన్లాండ్ సంపన్న దేశం కాబట్టి చెల్లింది, మనకెక్కడిది అన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. న్యాయమైనదే, కానీ సగమే నిజం. ఈ పిల్లలు పెరిగిన కాలం ఫిన్లాండ్‌కు మంచి కాలం కాదు. 1990ల తొలి ఏళ్లలో, సోవియట్ యూనియన్‌తో వ్యాపారం కూలిపోయి, బ్యాంకులు దివాలా అంచుకు చేరి, ఆ దేశం ఘోరమైన ఆర్థిక మాంద్యంలో పడింది. నిరుద్యోగం 16 శాతం దాటింది. తూర్పు జిల్లాల్లో పరిస్థితి మరింత గడ్డు. అంత కష్టంలోనూ సంగీత పాఠశాలలు మూతపడలేదు. అంటే డబ్బు ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదు, ఉన్నదాంట్లో దేన్ని ముందు పెట్టుకున్నారన్నది కూడా లెక్కే.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. అలాంటి బడులు ఫిన్లాండ్ నిండా ఉన్నాయి, నైట్‌విష్ మాత్రం ఒక్కటే. కాబట్టి కారణం బడి కాదు, మనిషి అంటారు. ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తార్యాకు ఒక్క స్వరం ఇస్తే చాలు, వెంటనే అందుకునేదని, మిగతావాళ్లకు నాలుగైదుసార్లు చెప్పాల్సి వచ్చేదని ఆమె గురువే అన్నాడు. అయితే ఈ అభ్యంతరం ఒక పొరపాటు చేస్తున్నది. బడి ఉంటే ప్రతి ఊళ్లో మేధావి పుడతాడని ఎవరూ అనడం లేదు. పుట్టిన మేధావి వృథా కాకుండా చూసేది బడి. పైగా ఈ తరహా సంగీతంలో మేధావి ఒక్కడితో పని కాదు. వయోలా వాయించేవాళ్లూ, వేణువు ఊదేవాళ్లూ, రికార్డింగు తెలిసినవాళ్లూ పిలిస్తే వచ్చే దూరంలో ఉండాలి. కిటేలో ఉన్నారు. ఆల్బమ్ రికార్డింగు చాలామటుకు ఆ ఊళ్లోనే జరిగింది, తుది మిశ్రమానికి మాత్రమే హెల్సింకీలోని ఫిన్‌వాక్స్ స్టూడియోకు పోయారు. ఇదే కాలంలో ఇదే బాటలో నడిచిన మరో ఉదాహరణ చూడండి. బ్రెజిల్‌లోని సావో పౌలోకు చెందిన ఆంగ్రా బృందం 1996లో తన రెండో ఆల్బమ్ ‘హోలీ ల్యాండ్’లో బ్రెజిల్ జానపద లయలను పవర్ మెటల్‌తో కలిపింది. దాని గాయకుడు ఆంద్రే మాటోస్ వాద్యబృంద నిర్వహణ, స్వరరచన చదువుకున్నవాడు. దేశం వేరు, వాతావరణం వేరు, అక్కడ దీర్ఘమైన చలికాలపు చీకటి లేదు. చదువు మాత్రం ఉంది. అడవీ చీకటీ అన్న వాదానికి ఇదొక్కటే సరిపోయే జవాబు.

అసలు ఆ అడవుల సంగతికే వద్దాం. గత భాగంలో చూసిన ఎలియాస్ లోన్రోట్ 1828లో పాటల వేటకు కాలినడకన బయలుదేరినప్పుడు అతనికి దొరికిన మొదటి గొప్ప గాయకుడు యుహానా కైనులైనెన్. ఆయన ఊరు కెసలహ్తి. ఆ కెసలహ్తి 2013 నుంచి కిటే పురపాలికలో భాగం. అంటే నైట్‌విష్ పుట్టిన నేలకూ ‘కలేవల’ మహాకావ్యం పుట్టిన నేలకూ మధ్య కొద్దిపాటి దారే. దీన్ని చూపించి, గాథలు ఆ మట్టిలోనే ఉన్నాయి, మళ్లీ మళ్లీ మొలుస్తాయి అని మురిసిపోవడం సులువు. కానీ కైనులైనెన్ పాటలు ఆయనతోనే పోయేవి. లోన్రోట్ రాసుకున్నాడు, 1831లో ఏర్పడిన ఫిన్నిష్ సాహిత్య సంఘం ఆయన తరువాతి ప్రయాణాలకు అండగా నిలిచి, 1835లో ‘కలేవల’ను అచ్చు వేసింది. అక్కడా రెండో రూపమే నిలబడింది. 1849లో 22,795 పాదాలకు పెంచి తెచ్చిన ‘కలేవల’నే ఈనాడు లోకం చదువుతున్నది. మొదటి దానికీ రెండో దానికీ మధ్య 14 ఏళ్లపాటు లోన్రోట్‌కూ, ఆయన బాట పట్టిన ఇతర సేకర్తలకూ ఆ సంఘం ఆసరాగా ఉంది. మట్టి ఒక్కటే పని చేసి ఉంటే ఆ 14 ఏళ్ల శ్రమ అక్కర్లేదు.

మన నేల మీద కూడా ఈ సూత్రానికి పాత సాక్ష్యం ఉంది. 10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల రెండో అరికేసరి కొలువులో కన్నడ ఆదికవి పంపడు ‘ఆదిపురాణం’ తరువాత ‘విక్రమార్జున విజయం’ రాశాడు. కవి తన రాజును అర్జునుడితో పోల్చి భారత కథ చెప్పిన కావ్యం అది. రాజు కవికి ధర్మవురం అనే అగ్రహారం ఇచ్చాడు. ఈ సంగతులన్నీ చెప్పే శాసనం గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద ఉంది. పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన ఆ శాసనంలో సంస్కృతం, కన్నడంతోపాటు తెలుగు కంద పద్యాలూ ఉన్నాయి. తెలుగు పద్యానికి దొరికిన తొలి ఆధారాల్లో ఒకటి కరీంనగర్ జిల్లా గుట్ట మీద ఉందంటే, ఆ రోజుల్లో ఇది మారుమూల కాదు. కొలువు ఉంది, అగ్రహారం ఉంది, గుట్ట మీద అక్షరాలు చెక్కించే స్తోమత ఉంది. ఆ కొలువు పోయాక ఇదే నేల పెద్ద కావ్యాల పటంలో వెనక్కి జరిగింది. రాజాస్థానాన్ని నేను కీర్తించడం లేదు. అక్కడ పోషణ రాజు ఇష్టం మీద ఆధారపడింది, కిటేలో చట్టం మీద ఆధారపడింది. తేడా పెద్దదే. కానీ పోషణ లేకుండా పెద్ద గాథ నిలవదన్న సంగతి రెండు చోట్లా ఒక్కటే.

ఆదిలాబాద్ అడవుల్లో ఇదే సంగతి ఇంకా దగ్గరగా, ఇంకా బాధగా కనిపిస్తుంది. గోండుల వంశగాథలను తరతరాలుగా పాడేవాళ్లు పర్ధాన్లు, తోటీలు. మూడు తంతుల కిక్రిని కమానుతో వాయిస్తూ, పెప్రె ఊదుతూ, డోల్ కొడుతూ, పెర్సాపెన్ కొలుపుల్లో గోండు వంశాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ దేవరకు ఎవరు బిడ్డలో చెబుతారు. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి ఒక్కో గోండు కుటుంబం పోషక కుటుంబం. పంటలో భాగం, పశువు, బట్ట ఇచ్చి సాకేవాళ్లు. అంటే గోండు చేతిలో భూమి ఉన్నంతకాలమే పర్ధాన్ చేతిలో కిక్రి. 20వ శతాబ్దంలో గోండుల భూములు బయటివాళ్ల పాలవుతుంటే కథ పాడేవాళ్ల బతుకు కూడా అదే వేగంతో కుంగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము బలైన తరువాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ వ్యవస్థను దగ్గర నుంచి చూసి రాశాడు. ఆయన రాసిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వచ్చింది. మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించడంలో ఆయనది ముఖ్య పాత్ర. అదే మార్లవాయి నుంచి వచ్చిన కనకరాజు గుస్సాడీ నృత్యాన్ని దేశానికి చూపించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఆయన గొప్పతనం ఆయనదే. ఇంకో ఊళ్లో ఇంకో కనకరాజు ఎవరికీ తెలియకుండానే పోయి ఉంటాడన్న దిగులు మాత్రం నన్ను వదలదు.

పాఠశాల పెడితే ఈ కళలు పాడైపోతాయి, తాత నుంచి మనవడికి వచ్చే విద్యను నాలుగు గోడల మధ్య కుక్కకూడదు అనే వాదన జానపద పండితుల్లో ఉంది. నేను దీన్ని గౌరవిస్తాను. హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గు కథ చెప్పిన తీరు ఏ సిలబస్‌లోనూ ఇమడదు. కానీ తాత దగ్గర నేర్చుకోవడానికి మనవడు ఊళ్లో ఉంటేనే కదా? ఉప్పు, పప్పు సంపాదించుకోవడానికి అతను సింగరేణికో, భీవండికో, దుబాయికో పోయాక ఆ వాదనకు నిలవనీడ లేదు. ఫిన్లాండ్ వాళ్లు ఈ చిక్కును ఒక రకంగా విప్పుకున్నారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి పేరుబడ్డ సిబెలియస్ అకాడమీలోనే 1983లో జానపద సంగీతానికి ప్రత్యేక శాఖ పెట్టారు. పల్లె వాద్యకారుల విద్య అక్కడ పట్టా ఇచ్చే చదువైంది. మన వైపు తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లో ఉంది. దాని అవసరం తిరుగులేనిది. కానీ అది ముఖ్యంగా పరిశోధన పీఠం. ఉట్నూరులో ఆరో తరగతి పిల్ల చేతికి కిక్రి ఇచ్చి, వారానికి రెండు రోజులు పర్ధాన్ పెద్దాయన్ని జీతమిచ్చి కూర్చోబెట్టే పని వేరు. జిల్లాపరిషత్ బడిలో లెక్కల సారు ఉన్నట్టు సంగీతం సారు ఉండటం మన దగ్గర అరుదు. ఆ ఉద్యోగం లేకపోవడమే అసలు లోటు. ప్రతిభ లోటు కాదు, గాథల లోటు అసలే కాదు.

చివరిగా, ఈ గిటార్ల హోరు మనది కాదు, దాని గొడవ మనకెందుకు అనేవాళ్లకు. కాదు, మనది కాదు. కరీంనగర్ కుర్రాళ్లు మెటల్ బృందం పెట్టాలని నా కోరిక కాదు, పెడితే అభ్యంతరమూ లేదు. హార్మోనియం ఒకనాడు పరాయిదే, సురభి నాటకంతో, హరికథతో కలిసి మనదైపోయింది. వాద్యం ఎక్కడి నుంచి వచ్చిందన్నది త్వరగా మరుపుకు వస్తుంది. దాన్ని వాయించడం ఎవరు నేర్పారు, ఆ నేర్పినవాడికి జీతం ఎవరిచ్చారు అన్నది మాత్రం తరాల తరబడి ఫలితం చూపిస్తుంది. నైట్‌విష్ కథే దీనికి కొనసాగింపు ఇచ్చింది. ‘ఓషన్‌బార్న్’లో నాలుగు తంత్రీ వాద్యాలూ వేణువూ పోగా మిగతా సింఫనీ హోరంతా హోలోపైనెన్ కీబోర్డు నుంచి వచ్చిందే. 2002లో ‘సెంచురీ చైల్డ్’కు వచ్చేసరికి ఆయనకు నిజమైన వాద్యబృందం కావాల్సి వచ్చింది. దానికోసం ఏ విదేశానికీ పోలేదు. కిటేకు దగ్గరి పట్టణం యోఎన్సూ. అక్కడి పురపాలిక పోషిస్తున్న యోఎన్సూ నగర వాద్యబృందమే ఆ ఆల్బమ్‌లో వాయించింది. 2004లో లండన్ నుంచి ఫిల్హార్మోనిక్ వాద్యబృందాన్ని పెట్టుకునే స్థాయికి నైట్‌విష్ చేరింది, కానీ అది మొదట నిలబడింది యోఎన్సూ వాళ్ల భుజాల మీద.

(వచ్చే భాగం: పర్ధాన్ల కిక్రి, పోషక కుటుంబాలు, కెస్లాపూర్ జాతర)